నకాయిజా చెప్పిన పేరు

లుబోవాది మసాకా పట్నం దారిలో అరటి గెలలు మోసే బతుకు. కూరరటి గెలల్ని సైకిలుకి కట్టి, ఎత్తులో తోసుకుంటూ, పల్లంలో చెప్పుకాలితో బ్రేకు వేసుకుంటూ సంతకి చేర్చేవాడు. బేరం కుదరకపోయినా మనిషిని నవ్వించి పంపుతాడని పేరు. పెళ్ళయ్యాక ఆ సంత కబుర్లన్నీ తెచ్చి నకాయిజా ముందు గుమ్మరించేవాడు. ఆమె నవ్వు వీధిలోకి వినబడేది.

కొడుకు పుట్టాక ఆ నవ్వు పోయింది. నకాయిజా గోడవైపు తిరిగి కూర్చునేది. ఒలిచిన కాయనే మళ్ళీ ఒలిచేది, చేతిలో ఏమీ మిగలనిదాకా. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఎవరింటి ఏడుపో విన్నట్టు వినేది. లుబోవా సంత మానేశాడు. తనే కాయలు ఆకుల్లో చుట్టి ఉడికించాడు. తనే బిడ్డకి స్నానం చేయించి, ఆమె రొమ్ముకి ఆనించి పట్టుకు కూర్చున్నాడు.

"ఏం లుబోవా, పురుడు నువ్వు పోసుకున్నావా?" అని తోటి సైకిళ్ళవాళ్ళు వెక్కిరిస్తే, "ఔనోయ్, నొప్పులింకా తగ్గలా" అనేవాడు.

"ఇది పురిటి తర్వాత మనసుకొచ్చే జబ్బు. వచ్చేవారం పట్నం నుంచి డాక్టరమ్మ వస్తుంది, తీసుకురా. అందాకా ఒంటరిగా వదలకు" అని ఊరి నర్సు చెప్పింది. తీసుకెళ్దామనే అనుకున్నాడు.

ఈలోగా అతన్ని పెంచిన మేనత్త నబ్బోసా దిగింది. కోడల్ని ఒక్క చూపు చూసి, ఇది అమాకిరో అని తేల్చేసింది. కడుపుతో ఉండి పరాయి మగాణ్ణి చేరదీసినదానికి పట్టే పిచ్చి అది. ముదిరితే కన్నబిడ్డనే తినబోతుందని ఆ ఊళ్ళో అందరూ చిన్నప్పటినుంచీ విన్నదే.

"మందు నా దగ్గరుంది. వాడి పేరు నోటితో చెప్తేగాని పనిచెయ్యదురా."

"అత్తా, అది ఎవర్నీ ఎరగదు."

"నీతో చెప్పి ఎరుగుతుందేంట్రా, వెర్రిబాగులోడా."

ఎన్నిసార్లు అడిగినా నకాయిజా తల అడ్డంగానే ఊపింది. నబ్బోసా బిడ్డని తన ఒడిలోంచి దించలేదు.

డాక్టరమ్మ వచ్చేదాకా ఆ వారం గడిచేలా లేదు. ఒక మధ్యాహ్నం లుబోవా భార్య పక్కన చాపమీద చేరాడు. "ఏదో ఒక పేరు చెప్పేయ్. అబద్ధమని నాకు తెలుసుగా. మందు పడితే లేచి తిరుగుతావు. తర్వాత మనిద్దరం నవ్వుకుందాం."

"ఎవరి పేరు?"

"కిబూకా ఊరొదిలి పోయాడుగా. వాడి పేరు చెప్పు."

ఆమె అతని మొహంలోకి చూసింది. కొడుకు పుట్టాక అలా చూడడం అదే మొదలు. "నీకోసం చెప్తా" అంది.

నబ్బోసా ముందు మోకరిల్లి చెప్పింది. మేనత్త మూలికలు నూరి తాగించింది, ఒంటికి రాసింది. మందు పనిచెయ్యలేదు. పేరు మాత్రం సంతదాకా నడిచింది.

"నేనే చెప్పించానత్తా" అని లుబోవా కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఇష్టమైన పెళ్ళాం కోసం ఏ మగాడైనా అలాగే అంటాడులే" అంది నబ్బోసా, జాలిగానే.

పెద్దలు కూర్చున్నారు. దాచి ఉంచిన బొడ్డుతాడు నీళ్ళలో వేస్తే తేలింది గనక, బిడ్డ వంశానివాడే, ఉంచుకోవచ్చన్నారు. తల్లిని పంపెయ్యమన్నారు. నకాయిజాని అన్న వచ్చి తీసుకుపోయాడు. డాక్టరమ్మ వచ్చిన రోజుకి ఆమె ఊళ్ళో లేదు.

లుబోవా ఆ అన్న ఇంటికి వెళ్ళాడు. పెరట్లో కూర్చున్న భార్య ముందు చతికిలబడి, "లే, నర్సు దగ్గరికి పోదాం" అన్నాడు.

"కిబూకా మొహం ఎలా ఉంటుంది? నాకు గుర్తు రావడంలేదు" అంది ఆమె.

"గుర్తుండడానికి ఏం జరిగిందే? ఆ పేరు నేను చెప్పమన్నదేగా."

"జరగకపోతే నాకిలా ఎందుకవుతుంది? బిడ్డని నా దగ్గరికి రానివ్వకు."

"నకాయిజా, నా మాట విను. నేనే చెప్పమన్నాను."

"నువ్వు మంచివాడివి. అందుకే అలా అంటావు."

అతనిప్పటికీ వెళ్తూనే ఉంటాడు. ఆమె ఆ మాటే అంటుంది.