అద్దం కింద చీటీ

సంచిలోంచి మాత్రల అట్టలు బల్లమీద పడే గరగర చప్పుడు విన్నప్పుడల్లా, దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు పని నేర్పిన డాక్టర్ యాదగిరి గారు గుర్తొస్తారు. ఎల్బీనగర్‌లోని నా క్లినిక్‌లో ఈ ఉదయం కూడా ఆ చప్పుడైంది.

ఆయనది నల్గొండ. మాది కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. నేను రాసిన ప్రతి మందుచీటీనీ ఆయన రెండుసార్లు చదివేవారు. నా మాటతీరు విని నన్ను నమ్మడం లేదని నా అనుమానం. ఆయన బల్ల అద్దం కింద బోర్లించిన పాత చీటీ ఒకటుండేది. చివరికి దాన్ని చూసినా నా తప్పులే రాసుకున్నారేమో అనిపించేది. అడిగే ధైర్యం లేక లోలోపల ఉడికిపోయేదాన్ని.

ఒక బంద్ మర్నాడు తుర్కయంజాల్ నుంచి ఆటో నడిపే సాయిలు వచ్చాడు. హెచ్‌ఐవీకి అతను వాడే మాత్రలు పనిచేయడం మానేశాయి, మార్చాలి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాను. "ఏం లేవు మేడం" అన్నాడు. కొత్త మాత్రలు రాసి చీటీ ఇవ్వబోతుంటే యాదగిరి గారు మధ్యలోనే అందుకున్నారు.

"జేబుల ఉన్నయి గూడ బల్లమీద పెట్టు సాయిలూ."

దువ్వెన, లైసెన్సు, వాటితోపాటు సగం వాడిన మాత్రల అట్ట బయటపడ్డాయి.

"ఇదేంది?"

"తలకాయ నొస్తుంటది సార్. బంద్‌ల దుకాణాలు మూసిండ్రు గదా, పక్కింటామె ఇచ్చింది. నావి కావు గదా అని చెప్పలే."

పార్శ్వపు నొప్పి మాత్రలవి. నేను రాసిన మందు వాటిని ఒంట్లోంచి పోనివ్వదు, పేరుకుపోయేలా చేస్తుంది. రెండూ కలిస్తే రక్తనాళాలు ముడుచుకుపోయి వేళ్లు కుళ్లిపోవచ్చు. పుస్తకంలో చదివిన సంగతే. ఆయన ఆ అట్ట తీసేసుకుని, తలనొప్పికి వేరే మందు రాసి, కొత్త మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పి పంపారు.

సాయిలు వెళ్లాక ఉండబట్టలేక అనేశాను. "నేను నల్గొండ పిల్లనైతే ఇంత అనుమానించేవారా సార్?"

ఆయన అద్దం ఎత్తి ఆ చీటీ తిప్పి చూపించారు. ఆయన చేతిరాతే.

"మా బాపు దోస్తుకు రాసిన. వేరే గోలీలేం ఏస్కుంటలేనంటే నమ్మిన. రెండు వేళ్లు తీసేసిండ్రు. అప్పట్సంది నా రాతనే నేను నమ్మనమ్మా, ఇగ నీది ఎట్ల నమ్మాలె?"

ఆ తర్వాత రాసిన చీటీని రెండుసార్లు చదవమని నేనే ఆయన చేతికిచ్చాను.

ఈ ఉదయం వచ్చినామె సంచి మొత్తం గుమ్మరించి, "ఇంకేం లేవమ్మా" అంది.

"పక్కింటివి?" అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పింది.