దాపట అన్న మాట

మనవరాలు ఆ ముందుకాళ్లను ఆటోలోంచి దించిన రోజు నేను అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నాను. ముందుకాళ్లంటే మోటారు సైకిలు ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలు. బంగారు రంగు పూసి ఉన్నాయి. వాటి వెనక రెండు లావు చక్రాలు, చక్రాలకు చిల్లులు పొడిచిన ఇనుప పళ్లేలు (డిస్కులంటారట), ఒక గోనెసంచి నిండా చిన్నాచితకా సామాను. అన్నీ ఒక పందెపు బండివట. ఎక్కడో పడి నుజ్జయిన బండిని విడదీసి అమ్ముతుంటే కొనుక్కొచ్చింది.

"ఆ బండి తోలినోడు ఏమైనాడు?" అని అడిగాను.

"నాకేం తెలుసవ్వా. బండి పడింది అన్నారు, అంతే."

"ఆయప్ప లేచినాడా లేదా, అది అడగలేదా?"

అడగలేదట. ఒక గొట్టం మీద రోడ్డుకు రాసుకుపోయిన గీత జానెడు పొడుగున ఉంది. నా చూపు దాని మీదనుంచి రాలేదు. సామాను ఇంట్లోకి తేవద్దు, కొట్టంలోనే పెట్టమన్నాను. ఆ పూట ఒలిచిన పప్పులో పొట్టు కూడా కలిపేశాను.

మా ఇంట్లో ఇప్పటికీ నడిచే పాత మోటారు సైకిలును మా ఆయన కొన్నప్పుడు మా ఊళ్లో ఇంకా ఎద్దులతోనే దుక్కి. కాడికి ఎడమ పక్కన కట్టేది దాపట ఎద్దు, కుడి పక్కన కట్టేది వలపట ఎద్దు. ఆ బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఇప్పటి బండ్లకు ఇది తిరగబడి ఉంటుందని నాకు చాలా కాలం తెలియదు. ఆయన బండి నేర్చుకున్నది ఎద్దుల మాటలతోనే. వలపట తొక్కితే పోతుంది, దాపట తొక్కితే నిలుస్తుంది. కొడుక్కూ అట్లాగే నేర్పాడు. బ్రేకు, గేరు అన్న మాటలు మా ఇంట్లో వినపడేవి కావు. నేను వెనక పక్కకు తిరిగి కూర్చుని, దూరంగా ఒక గొడ్డు కనపడితే చాలు, "దాపట" అనేదాన్ని. ఆయన తొక్కేవాడు. ఆయన పోయాక కొడుకు తొక్కేవాడు. నేను తెలుగు బళ్లో మూడో తరగతి దాకానే చదివాను. బండి మీద భయం వేస్తే అనడానికి నాకున్న మాట అదొక్కటే.

మొన్నటి వానల్లో కొడుకు ఆర్.కె.పేట నుంచి వస్తూ, ఎంత తొక్కినా బండి నిలవక కాలవలోకి దిగిపోయాడు. మోచేయి కొట్టుకుపోయింది. పాత బ్రేకు తడిస్తే పట్టదు, దాని పని అయిపోయింది అని మనవరాలు అప్పటినుంచీ పోరు పెట్టింది. ఆ పిల్ల తిరువళ్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో బండ్ల బ్రేకు పళ్లేలు సరిచూసే పని చేస్తుంది. కొత్త బండి కొందామంది. నేను ఒప్పుకోలేదు. ఇంజను దిట్టంగా ఉన్న బండిని మూలకు తోసి ఇంకోటి తేవడం నాకు గిట్టదు. "అట్లయితే దీనికే మంచి బ్రేకులు ఏపిస్తా" అని ఆ పిల్ల ఈ దారి పట్టింది. ఇది ముందే ఇక్కడ చెప్పేయడం న్యాయం. ఆ పందెపు సామాను మా ఇంటికి వచ్చింది నా మొండితనం వల్లే.

తిరుత్తణి బస్టాండు వెనక సందులో మెకానిక్కు షెడ్డు. విప్పిన పాత సామాను పాత ఇనుముకు వేసేస్తారేమోనని నేనూ వెంట పోయాను. నా కళ్ల ముందే పాత ముందుకాళ్లు ఊడదీశారు. ముందుభాగం లేని బండి బల్ల మీద మోకరిల్లినట్టు ఉంది. బంగారు గొట్టాలు సరిగ్గా కూర్చోవడానికి కమ్మీలు కోసి, కొత్తవి అతికి, వెనక చక్రానికి కూడా పళ్లెం బ్రేకు పెట్టారు. దాని పెడలు కుడి పక్కనే వస్తుందట. అందుకని ఒక కడ్డీ అడ్డంగా వేసి గేరును ఎడమ పక్కకు తెచ్చారు. మెకానిక్కు అరవంలో నా కొడుక్కి పాఠంలా చెప్పాడు: ఇడదు గేరు, వలదు బ్రేకు. అరవంలో ఇడదు అంటే ఎడమ, వలదు అంటే కుడి. మేము బళ్లో చదివిన పద్యాల్లో వలదు అంటే వద్దు. నా చెవికి ఆ రెండో అర్థమే పడింది.

ఎందుకు మార్చడం, ఉన్నచోటనే పెట్టరాదా అని అడిగాను. "బయప్పడాదీంగ పాట్టీ" అన్నాడు. భయపడొద్దని ఒకరు చెప్పాల్సి వచ్చిందంటే అందులో భయపడేది ఉన్నట్టే కదా.

మనవరాలు తేలిగ్గా వదల్లేదు. వాళ్ల నాయనను కళ్లంలో వారం రోజులు తిప్పింది. తను ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తేది, వాడు కుడికాలు తొక్కి నిలపాలి. మొదట్లో ఎడమకాలే పోయేది. ఏడో రోజుకు ఒక్కసారి కూడా తప్పలేదు. యాభై దాటినవాడు కూతురి ముందు పరీక్ష రాసినట్టు రాశాడు. నాకు మాత్రం ఎవరూ నేర్పలేదు. వెనక కూర్చునేదానికి నేర్పడానికి ఏముందనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

తిరువాలంగాడులో మా ఆడబిడ్డకు ఒంట్లో బాగాలేదంటే కొడుకు వెనక కూర్చుని బయలుదేరాను. చెరకు కొట్టే కాలం. రోడ్డంతా మిల్లుకు పోయే ట్రాక్టర్లే. ఒక ట్రాక్టరు మా ముందు పోతోంది. లోడు వెనక నుంచి గడలు బారెడు బయటికి వేలాడుతున్నాయి. అది ఉన్నట్టుండి నిలిచిపోయింది.

"దాపట!"

నా నోట్లోంచి వచ్చింది. వాడి ఎడమకాలు తొక్కింది. లోపల ఎక్కడో గేరు పళ్లు మారిన చప్పుడు వినపడింది, బండి ఒకసారి గుంజుకుని ముందుకే పోయింది. మళ్లీ తొక్కాడు. ఆ కోసిన గడల మొనలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి. తెల్లగా, తడిగా ఉన్నాయి. ఇవి వాడి ముఖంలోకి పోతాయి అనుకున్నాను. నా సంగతి తలపుకే రాలేదు. వాడు చేతి బ్రేకు నలిపేసినట్టు పట్టుకున్నాడు. ముందు చక్రం నేలకు అతుక్కుపోయినట్టు నిలిచింది, వెనక భాగం పక్కకు ఊడ్చుకుపోయింది. ఇద్దరం మట్టిలో పడ్డాం. నేను లేచి ముందు వాడి ముఖం తడిమి చూశాను. రెండు చేతులతో తడిమాను. కళ్లు, ముక్కు, గొంతు. అన్నీ ఉన్నాయి. వాడి చీలమండ మాత్రం మెలిపడింది.

ఇంటికి వచ్చాక వాడు కూతురి మీద విరుచుకుపడ్డాడు. ఎవడో చచ్చినోడి బండి తెచ్చి తన కింద పెట్టిందని, రేపే అంతా ఊడదీసి పాతవి బిగించమని అరిచాడు. మరునాడు ఆ పిల్ల పనికి సెలవు పెట్టి కొట్టంలో కూర్చుని ఒక్కో బోల్టు, ఒక్కో గొట్టం తడిమి చూసింది. దాని మరునాడూ అంతే. తిండి మీద ధ్యాస లేదు. "ఏదో తప్పు బిగించినానవ్వా, ఏదో తెలీలేదు" అంది.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. మట్టిలోంచి లేస్తున్నప్పుడే తెలుసు. అయినా రెండు రోజులు నోరు తెరవలేదు. ఇంట్లో అందరి తప్పులూ ఎంచేదాన్ని నేను. ఈ మాట ఒప్పుకుంటే రేపటినుంచి నా మాట ఎవరు వింటారన్నది ఒక భయం. కన్న కొడుకును నా నోటితోనే ఆ గడల మీదికి పంపాను అని పైకి అనడం అంతకన్నా పెద్ద భయం. కానీ మూడో రోజు ఆ పిల్ల పాత బ్రేకు డ్రమ్ము తుడవడం మొదలుపెట్టింది. వాళ్ల నాయన చెప్పినట్టే పాతవి బిగించేస్తుంది. వాన వస్తే మళ్లీ కాలవ. ఈసారి కాలవ కాకుండా లారీ అయితే?

మధ్యాహ్నం వాడికి అన్నం పెడుతూ చెప్పాను.

"దాని సామాన్లో తప్పేమీ లేదు. నేను దాపట అన్నాను. నువ్వు తొక్కినావు."

వాడు ముద్ద పట్టుకుని నన్నే చూశాడు. "నువ్వు అంటివా? నాకు వినపడనే లేదుమా."

"గట్టిగానే అన్నాను."

"లేదుమా. ట్రాక్టరు సద్దు తప్ప నాకేమీ వినపడలేదు. కాలు దానంతట అదే పోయింది."

మనవరాలు గడప దగ్గర నిలబడి వింటోంది. చేతిలో నూనె గుడ్డ ఉంది. "చెవికి వినపడకుంటే ఏం నాయినా, కాలికి వినపడింటాది" అంది.

వాడు మజ్జిగ పోయమన్నాడు. పోశాను. తాగి, ఆ డ్రమ్మును లోపల పెట్టేయమని కూతురికి చెప్పాడు. ఇక మీద బండి మీద వెనక కూర్చోనని కూడా అప్పుడే చెప్పేశాను. నోరు మూసుకుని కూర్చోవచ్చు కదమ్మా అన్నాడు. ఆ మాట నోట్లోంచి రాకుండా ఆపగలనని నాకు నమ్మకం లేదు. ఆపినా, నా ఒళ్లు బిగుసుకుంటే అది కూడా వాడి కాలికి తెలిసిపోతుందేమో. నలభై ఏళ్లు ఈ ఇంటి కాళ్లకు నేను నేర్పిన మాట అది. వాడికి మెల్లగా మరుపు వస్తుంది. నాకు వచ్చే వయసు కాదు.

ఇప్పుడు టౌను బస్సులో పోతున్నాను. ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కాబట్టి దండగ కూడా లేదు. కానీ బస్సులో భయం ఎక్కువ. వెనక కూర్చుంటే కనీసం వాడి వీపు కనపడేది.

పోయిన వారం తిరుత్తణికి పోతుంటే కిటికీలోంచి వాడు కనిపించాడు. బంగారు గొట్టాల బండి మీద బస్సును దాటి ముందుకు పోయాడు. వాడి ముందు చెరకు ట్రాక్టరు. లోడు ఊగుతోంది, వేగం తగ్గుతోంది. నా గొంతులో ఆ మాట పైకి వచ్చింది. అణుచుకోవాలని కూడా అనిపించలేదు. దాపట, అన్నాను. వాడి కుడికాలు కిందికి పోవడం చూశాను. వెనక ఎర్రదీపం వెలిగింది, బండి నిలిచింది, ట్రాక్టరుకూ వాడికీ మధ్య ఒక ఎద్దులబండి పట్టేంత చోటు మిగిలింది.

పక్కన కూర్చున్నామె ఏంటి పెద్దమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ట్రాక్టరు కదిలేదాకా ఇంకో రెండు సార్లు అన్నాను, వాడికి వినపడని చోటునుంచి.