జలకంటకుడి ఆఖరి మాట

ఆదిమూలానికి లోకంలో చేతనైన పని ఒక్కటే, జలకంటకుణ్ణి గీయడం. తలమీద శంఖాల కిరీటం, కుడిచేతికి పీత గోరు, వీపున ఆక్టోపస్ చేతులు. వాడు శంఖం ఊదాడంటే సముద్రం లేచి ఊళ్ళమీద పడాల్సిందే. పిల్లల మాసపత్రికలో పదకొండేళ్ళుగా నెలనెలా మద్రాసును ముంచడానికి వస్తాడు, వజ్రబాలుడనే బుడతడి చేతిలో చావుదెబ్బలు తిని అడుక్కి పోతాడు. నెల తిరిగేసరికి సిగ్గులేకుండా మళ్ళీ తయారు! ఆ సిగ్గులేనితనమే ఆదిమూలానికి ప్రాణం. కోడంబాక్కంలో సినిమా బ్యానర్ల పని పోయినప్పుడూ, పెద్దబిడ్డ కామెర్లతో కన్నుమూసినప్పుడూ వాణ్ణి చూసుకునే లేచి కుంచె పట్టాడు.

బొమ్మ ఆయనదే గానీ మాట ఆయనది కాదు. ఒకే బొమ్మ తెలుగు పత్రికకూ తమిళ పత్రికకూ పోవాలి కాబట్టి మాటల బుడగలు ఖాళీగా వదిలేయాలి. పైన పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఏ భాష మాటలు ఆ భాషవాళ్ళు రాస్తారు. ఆ మహానుభావులు పదకొండేళ్ళూ "హహ్హహ్హా! చచ్చావురా!" తప్ప వాడి నోట మరో ముక్క పలికించిన పాపాన పోలేదు.

తొంభై ఆరు జూన్‌లో ఎడిటర్ జయరామ్ పిలిచి చెప్పాడు. "పిల్లకాయలంతా టీవీ ముందర కూసోని ఉండారు ఆదిమూలం. వచ్చే నెలతో పత్రిక మూసేస్తా ఉండాం. వాణ్ణి చంపేయ్."

ఆదిమూలం బతిమాలలేదు. "ఆఖరు బుడగలో మాట నేనే రాస్తా సార్. తమిళంలో కూడా నా మాటే పెట్టాల. వేరే ఎవురూ దాంట్లో చెయ్యి పెట్టకూడదు," అన్నాడు.

"సరేప్పా, అట్నే కానీ."

ఆ ఒక్క పేజీకి పద్నాలుగు రోజులు పట్టింది. "ఆ దయ్యానికి కర్మ చేస్తా ఉండావా ఏంది? లేచి సోరు తిను," అని భార్య అలమేలు కసురుతూనే ఉంది. నిజానికి చేస్తున్నది కర్మే. జలకంటకుడు నడిసముద్రంలో మునిగిపోతున్నాడు, మెడవరకూ నీళ్ళు, చూపు తిన్నగా చదివేవాళ్ళ వైపు. పక్కన పెద్ద బుడగ. తమిళం ఆయనకు నోటికే వచ్చు, చేతికి రాదు. అందుకే, తమిళంలోకి వాళ్ళే మారుస్తారులే అనుకుని, తెలుగు కాగితం మీద రాశాడు: "ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ వచ్చాను. ఈసారి రాలేను. నా కోసం ఒక్కరైనా ఎదురుచూస్తారా?"

పత్రిక వచ్చేరోజు ఆఫీసుకు పోతే సగం బల్లలు అప్పుడే అమ్ముడుపోయి ఉన్నాయి. ఆఖరి సంచిక మాకొద్దని తెలుగు ఏజెంట్లు అన్నారట, తమిళం ఒక్కటే అచ్చయింది. తెలుగు కాగితాలు చెత్తలో కలిసిపోయాయి. ఆదిమూలం అక్కడే నిలబడి చివరి పేజీ తిప్పాడు. జలకంటకుడు నోరు తెరుచుకుని మునిగిపోతున్నాడు. పక్కన బుడగ తెల్లగా, ఖాళీగా ఉంది. చెయ్యి పెట్టొద్దన్నారు కదా, పెట్టలేదు, అన్నాడు తమిళం రాసే మనిషి. తప్పు పట్టడానికి ఎవరూ లేరు. జలకంటకుడి నోరు తనే కుట్టేశాడు. ఆదిమూలానికి ఏడుపు కూడా రాలేదు.

ఇంట్లో కూతురు జనని పుస్తకం లాక్కుని చూసింది. "నాన్నా, ఈడ ఏమీ రాయలేదే?"

ఆయన పెన్ను తీసి, ఖాళీ బుడగలో ఆ మాటలే మళ్ళీ రాశాడు. జనని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తమిళ బడిలో చదివే పిల్ల. "తెలుగు నాకు చదవను రాదు కదా నాన్నా. ఏం రాసినావో చెప్పు."

ఆదిమూలం నోరు తెరిచాడు. పిల్ల ఇంకా ఆయన ముఖంలోకే చూస్తోంది.

"హహ్హహ్హా, చచ్చావురా అని," అన్నాడు.

"పో నాన్నా, ఎప్పుడూ అదేనా!" అని నవ్వి, జనని పుస్తకం మూసేసింది.