ఏ పొయ్యి పిల్లాడు

నా చిన్నప్పుడు అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉండగా, నేను ఏలూరులో పిన్ని ఇంట్లో పెరిగాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. పిన్ని నాకేమీ తక్కువ చేయలేదు. అయినా ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా, "మా అక్క కొడుకండి, తిరిగొచ్చేదాకా మా దగ్గర ఉంచింది" అనేది. ఆ ఉంచడమన్న మాట నాకు గుచ్చుకునేది. మంచం కింద పెట్టెను ఉంచుతారు. పిన్ని తన కూతురికి జడ వేస్తుంటే నాకు కడుపు మండేది. అంతసేపు ఆ ఒళ్లో కూర్చునే పని నాకేదీ లేదు మరి.

పిన్ని టీచరు. ఓ వేసవిలో కొల్లేటి లంకల్లో ఇంటింటి సర్వే ఆమె మీద పడింది. ఒకరోజు కూతుర్ని బాబాయి దగ్గర వదిలి, నన్ను వెంటబెట్టుకు వెళ్లింది. ఆ పూటంతా పిన్ని నా ఒక్కడిదే అని పొంగిపోయాను. ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణించి చెరువుగట్ల మీద ఆటో, ఆఖర్న దోనె పడవ. చేపల చెరువుల కాపలాకు వచ్చి స్థిరపడ్డ యానాదుల గుడిసెలు ఓ దిబ్బ మీద ఉన్నాయి.

ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం అన్నది సర్వే పద్ధతి. పిన్ని అదే అడుగుతూ వెళ్లింది. మొదటి గుడిసెలో నా ఈడు కుర్రాణ్ణి చూపించి "వీడూ మావోడేనండి" అన్నారు. రెండో గుడిసెకు వెళ్లేసరికి వాడు అక్కడ గంజి తాగుతున్నాడు. వాళ్లూ మావోడే అన్నారు. మూడోచోట ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ వాదులాడుకున్నారు.

"రాత్రి నాకాడ తిన్నాడే!"

"తింటే ఏంటంట? పడుకుంది మా చాప మీద గదా."

వాడికి అమ్మా నాన్నా పోయారట. ఆ దిబ్బ మీద ప్రతి ఇల్లూ వాణ్ణి తనవాడనే అంటోంది. పిన్ని వాడి తల నిమిరి, "పేరు రాస్తే ఏలూరులో హాస్టల్ సీటు అడగొచ్చురా. చదువుకుంటావా?" అంది. వాడు గబగబా తలూపాడు. "ఆదివారాలు మా ఇంటికి వద్దువుగాని" అని కూడా అంది. నన్ను ఏ ఇల్లూ అలా లాక్కోలేదు. ఉన్న ఒక్క పిన్నీ ఇప్పుడు వాడికి పోతోంది.

ఆమె కాగితాల మీదకు వంగినప్పుడు మెల్లగా అన్నాను. "వీడు ఇక్కడివాడు కాదు పిన్నీ. అవతలి లంక నుంచి తిండికి వస్తాడంట. వాడే చెప్పాడు."

పిన్ని కలం ఆగింది. "అలాగా? అయితే అక్కడ రాస్తారులే. రెండుచోట్ల రాస్తే నా మీదకొస్తుంది."

వాడు విన్నాడు. కాదనలేదు. నా మొహంలోకి చూసి, చివరి గుడిసె ముందున్న మామ్మ వైపు తిరిగాడు.

ఆమె చిత్తపరిగె చేపల పులుసు దించుతోంది. ఆమెకూ వినబడిందని నాకు తెలిసింది. తిడుతుందనుకున్నాను. "ఎండన పడొచ్చావు, రా అయ్యా" అని పళ్లెం పెట్టింది. కుర్రాడు అప్పటికే చాప మీద కూర్చున్నాడు. చాప చిన్నది. వాడు నావైపు చూడకుండానే కాస్త జరిగాడు. ఆ జరిగిన చోట కూర్చుని తిన్నాను.

నేను లేవకముందే మామ్మ కేకేసింది. "టీచరమ్మగారూ, మా పొయ్యి మీద ఇద్దరు మగపిల్లలండి. రాసుకోండి."

పిన్ని నవ్వింది. "ఆ రెండోవాడు మావాడండి మామ్మగారూ!"

"అదెట్టాగండీ? ఎక్కడ తింటే అక్కడేనన్నారు గదా మీరే. మీ ఇంట్లో ఇంకో పిల్ల ఉందని ఇందాక అన్నారు. ఈణ్ణి మాకొదిలెయ్యండి."

"అమ్మో, ఇవ్వనండి!" పిన్ని లేచొచ్చి, ఎంగిలి చేత్తో ఉన్న నన్ను అలాగే దగ్గరకు లాక్కుంది. "మా పొయ్యి పిల్లాడండి. ఎవరడిగినా ఇచ్చేది లేదు."

పరిహాసమేనని తెలుసు. కానీ నా భుజం మీద ఆమె పట్టు గట్టిగా ఉంది. అమ్మ వెళ్లినప్పటి నుంచీ నేను ఎదురుచూసిన మాట అది. మామ్మ నావైపు చూసింది. నీది నీకు దొరికింది గదా, ఇక వాడిది వాడికిచ్చెయ్ అన్నట్టుంది ఆ చూపు.

"అబద్ధం చెప్పాను పిన్నీ. వాడు ఇక్కడివాడే."

పిన్ని నా మొహంలోకి తేరిపార చూసింది. చెయ్యి మాత్రం తీయలేదు. తర్వాత వాణ్ణి మామ్మ పొయ్యి కింద రాసింది.

వాడికి హాస్టల్ సీటొచ్చింది. ఆదివారం మా ఇంటికొచ్చాడు. పిన్ని వాడికి ముందు వడ్డిస్తే నాకు మళ్లీ మండింది. ఆ దిబ్బ మీద నా అసూయ పోయిందంటే అది ఇంకో అబద్ధమవుతుంది. ఈ వయసులోనూ నా వాళ్ల పక్కన ఎవరైనా కొత్తగా వచ్చి కూర్చుంటే ముందు నా మొహం ముడుచుకుంటుంది. అప్పుడు ఆ చిన్న చాప గుర్తొస్తుంది. కాస్త జరుగుతాను.