తగ్గింది వేగం, నీళ్లు కాదు

పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్లు నేనేం చేస్తానని అడుగుతారు. లెక్కల టీచర్నని చెప్పగానే నవ్వుతారు. "అమ్మో, చిన్నప్పట్నుంచీ మాకు లెక్కలంటే పడదండి" అంటారు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. అందులో సిగ్గేమీ ఉండదు, పైగా కాస్త గర్వం కూడా ఉంటుంది. తెలుగు చదవడం రాదని ఇంత హాయిగా చెప్పుకున్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు. సినిమాలూ అంతే. లెక్కల మాస్టారు తెరమీదికి వచ్చాడంటే హీరో చేతిలో నవ్వులపాలు కావడానికే. ఆ హీరో పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పుతాడు, చివరికి ఊరిని కాపాడతాడు. ఊళ్లను కాపాడేది ఎక్కువసార్లు లెక్కేనని నేనంటే మా స్టాఫ్ రూములోనే "మీరు మరీనండి" అంటారు.

మా చెల్లెలి భర్త ఇలాంటి జోకులకు మహారాజపోషకుడు. పొద్దున్నే ఫోన్లో ఒకటి పంపిస్తాడు. ఆల్జీబ్రా ఇన్నేళ్లలో ఒక్కసారైనా పనికొచ్చిందా అని ఎవరో అడుగుతుంటారు, కింద నవ్వే బొమ్మలు వరసగా ఉంటాయి. మనిషి మంచివాడు, కష్టజీవి. ధవళేశ్వరానికి దిగువన గోదావరి మధ్య లంకలో వాళ్లకు అరటితోట, గేదెలు ఉన్నాయి. కిందటి వానాకాలం వరదకు లంక ఖాళీ చేయమంటే ఇద్దరూ ధవళేశ్వరంలో మా ఇంటికొచ్చారు. పాలిచ్చే గేదెల్ని ఎలాగో ఏటిగట్టు మీదికి తోలారుగానీ, నెలలు నిండిన చూడిగేదె ఒకటి నీళ్లలోకి దిగనని మొండికేసింది. దాన్ని ఇంటి వెనక మెరక మీద కట్టేసి వచ్చారు. మా చెల్లెలు అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే మాట్లాడేది.

మర్నాడు పొద్దున టీవీలో యుద్ధానికి వాయించినట్టు సంగీతం మోగింది. "ధవళేశ్వరం వద్ద తగ్గుముఖం పట్టిన వరద ఉధృతి" అని పెద్దపెద్ద అక్షరాలు వచ్చాయి. వాటి కిందే చిన్న అక్షరాల్లో నీటిమట్టం అంకెలు పరుగెడుతున్నాయి. నేను అవి చూశాను. ముందురోజు పూటకి అడుగు చొప్పున పెరిగిన గోదావరి ఆ పొద్దున బెత్తెడే పెరిగింది. అంటే పెరుగుతూనే ఉంది.

మా మరిది అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

"తగ్గిందంటండి వదినగారూ. వెళ్లి గేదెను తోలుకొచ్చేస్తాను."

"తగ్గలేదండీ మరిదిగారూ. పెరిగే వేగం తగ్గింది. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి."

"టీవీలో అంత పెద్దగా చెబుతుంటేనండి."

నాకు ఒళ్లు మండింది. అయినా సముదాయించే గొంతుతోనే చెప్పాను. అతనికి క్రికెట్ ప్రాణం. ఓవర్‌కు ఎన్ని పరుగులు కావాలో తెరమీద అంకె పడకముందే చెప్పేస్తాడు. అది లెక్కని మాత్రం ఒప్పుకోడు.

"మన వాళ్లు ఓవర్‌కి పన్నెండు కొట్టేవాళ్లు మూడే కొడుతున్నారనుకోండి. స్కోరు తగ్గుతుందా?"

"ఎందుకు తగ్గుద్దండి, మెల్లగా పెరుగుద్ది."

"గోదావరీ అంతేనండి."

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అర్థమైందనుకున్నాను. తర్వాత నవ్వేశాడు. "క్రికెట్టు వేరండి, గోదారి వేరండి. వదినగారికి అన్నీ లెక్కలేనండి." చెల్లెలు కూడా నవ్వింది. "పాపం అది నిన్నట్నుంచీ మేత లేకుండా ఉందక్కా. నీ క్లాసు తర్వాత చెబుదువుగాని" అంది. మోటారు సైకిలు తాళం నేను పట్టుకున్నాను. చెల్లెలు నా చేతిలోంచి తీసి అతనికిచ్చింది.

రేవులో పడవవాడొకడు ఒప్పుకుని అతన్ని లంకలో దించాడు. అతన్ని వెనక్కి తీసుకురావడానికి ఆ వడిలో ఏ పడవా కదల్లేదు. సాయంత్రానికి మెరక మునిగింది. అతను డాబా మీదికెక్కాడు. గేదె ఎక్కలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయేలోపు అతను చెప్పింది ఒక్కటే, పలుపు కోసి వదిలేశానని. ఆ తర్వాత మా చెల్లెలు వంటింటి గడప మీద కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. నేను కాఫీ ఇస్తే తాగలేదు. అతనికేమైనా అయితే చెల్లెలికి నేనేం చెప్పాలి, ముందే చెప్పానని చెప్పాలా?

అతన్ని మర్నాడు సహాయ బృందం పడవలో ఏటిగట్టుకి చేర్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి, అరచేతులు పలుపు ఒరుసుకుని తోలు లేచిపోయాయి. చెల్లెలు అతని భుజం పట్టుకుని ఏడ్చింది, అతని కోసం, గేదె కోసం, దాని కడుపులో దూడ కోసం. నేను పొడి బట్టల సంచితో పక్కన నిలబడ్డాను. అంతలో మైకు పట్టుకుని ఒక టీవీ అమ్మాయి వచ్చింది. మూగజీవి కోసం ప్రాణాలకు తెగించిన రైతు అని కెమెరాకు పరిచయం చేసి, ఏం జరిగిందని అడిగింది.

"తగ్గిందన్నారండి" అన్నాడు మా మరిది వణుకుతూ. "ఒక్కసారే మీద పడిపోయిందండి గోదారి. ముందు ఎవరూ చెప్పలేదండి."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను దహించింది. నేను చెప్పిన మాట అతనికి హెచ్చరికగా వినిపించనే లేదు, లెక్కగా వినిపించింది. గోదావరి ఒక్కసారి మీద పడలేదు. రెండు రోజులుగా ఒక్క పూట కూడా ఆగకుండా పెరిగింది, ఆ సంగతి అంకెల్లో చూపిస్తూనే ఉన్నారు.

"నేను చెప్పాను. నిన్న పొద్దున మా ఇంట్లో చెప్పాను" అన్నాను.

"ఊరుకో అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు" అంది చెల్లెలు.

నేను ఊరుకోలేదు. మళ్లీ అన్నాను, ఈసారి ఇంకా గట్టిగా. గట్టు మీద జనమంతా తిరిగి చూశారు. గేదె పోగొట్టుకుని, చావు తప్పించుకుని వచ్చినవాడి మీద అరుస్తున్న దయలేని మనిషి ఒకతె వాళ్లకు కనిపించింది.