ఒడ్డెక్కిన చేప

డెబ్బైల్లో ఓసారి జీవపరిణామం మీద మాట్లాడటానికి కర్నూలు నుంచి రేపల్లె వెళ్లాను. పిలిచింది అక్కడి నాస్తిక మిత్రులు. తీరా సభ మొదలయ్యే వేళకు వాళ్ల మైకు పాడైంది. పక్క వీధిలోని రామాలయానికి వెళ్లి, అక్కడి మైకు అడిగి తెచ్చారు. నేను ఆశ్చర్యపోయాను. మా వైపైతే ఇలాంటి సభ మీద రాళ్లు పడేవి.

"హారతి వేళకి మాత్రం తిరిగిచ్చేయాలండి" అన్నారట పూజారిగారు.

నేను మంచి ఊపులో ఉన్నాను. చేప నీళ్లు వదిలి ఒడ్డెక్కుతోంది. ఇంతలో ఓ మిత్రుడు వచ్చి, "సార్, హారతి టైమైందండి" అన్నాడు. మైకు గుడికి వెళ్లిపోయింది. నాస్తికులంతా బెంచీల మీద బుద్ధిగా కూర్చుని గుడి గంటలు వింటున్నారు. నాకు ఒళ్లు మండింది.

కాసేపటికి పూజారిగారే మైకు స్టాండు భుజాన పెట్టుకుని వచ్చారు. వెనకాలే గుళ్లో జనమంతా. గొడవకే వచ్చారనుకుని లేచి నిలబడ్డాను. ఆయన నా చేతిలో ఇంత దద్ధోజనం పెట్టి, ముందు వరసలో కూర్చున్నారు.

"మీ మాటలు గుళ్లోకి వినబడ్డాయండి. దేవుడి సంగతి తర్వాత చూద్దాంగానీ, ఒడ్డెక్కిన ఆ చేప ఏమైందండీ?"