తలగుడ్డ చుట్టని మామ

మా మేనమామ పోయాడు. రోహిణి కార్తె ఎండలో పొలానికి ఎరువు తోలుతూ బండి పక్కనే కూలిపోయాడు. వడదెబ్బ. నేను బిట్రగుంటలో రైలు దిగి ఊరు చేరేసరికి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. భుజాన తువ్వాలు ఉండి కూడా తలకు చుట్టుకోలేదేమని వచ్చినవాళ్లందరిదీ ఒకటే గొణుగుడు. నాకు ఒళ్లు మండింది. వాళ్లకేం తెలుసు?

మామ ఒకప్పుడు పటాలంలో సిపాయి. కాంగో దేశంలో కొట్లాటలు ఆపడానికి మనవాళ్లను పంపినప్పుడు బొంబాయిలో ఓడెక్కి వెళ్లాడు. వీపున మూట, నడుముకు తూటాల సంచులు, నీళ్ల సీసా, చేతిలో తుపాకి, నెత్తిన ఇనుప టోపీ. "అన్నిట్లోకీ ఆ టోపీతోనే చచ్చినామబ్బయ్యా. ఎండకి పెనం మాదిరి కాలిపొయ్యేది" అనేవాడు.

జువ్వలదిన్నె నుంచి వచ్చిన చేపలవాళ్ల పిల్లవాడొకడు అదే జట్టులో ఉండేవాడు. మామకు తమ్ముడితో సమానం. మన సేద్యగాళ్లలాగా తడితువ్వాలు తలకు చుట్టి, దాని మీద టోపీ పెట్టుకోవడం మామే వాడికి నేర్పాడు. తల చల్లగానే ఉండేది. కానీ టోపీ ఎత్తుగా నిలిచి, గడ్డం కింద పట్టీ బిగిసేది కాదు. ఒకరోజు బాంబులు పడుతుంటే ఇద్దరూ పరుగెత్తారు. పిల్లవాడి టోపీ ఊడి దొర్లిపోయింది. మరుక్షణం బాంబు పెంకు తలకు తగిలింది. మామ అక్కడితో ఆపేసి లేచి వెళ్లిపోయేవాడు.

తిరిగొచ్చాక ఆయన మళ్లీ ఎన్నడూ తలకు గుడ్డ చుట్టలేదు. ఏటా కొత్త బియ్యం తీసుకుని ఆ పిల్లవాడి తల్లిని చూడబోయేవాడు. ఆమె చేపల పులుసు వండి పెట్టేది. నేర్పింది తానేనని చెప్పాలనే వెళ్లేవాడు, చెప్పకుండానే తిరిగొచ్చేవాడు. "ఆ ముద్ద గొంతు దిగదబ్బయ్యా. చెప్తే ఇంక గడప తొక్కనిస్తాదా?"

నిరుడు చెప్పేశాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె గరిటె కింద పెట్టి మామ ఎదురుగా కూర్చుంది.

"నువ్వొకడివే గాదు నాయనా. రైలు కాడ నేనూ చెప్పినా, ఎండలో తలకి గుడ్డ లేకుండా తిరగబాకరా అని. నా మాట విన్నాడు బిడ్డ" అంది.

దారిలో మామ ఏడ్చాడు. చెప్పకుండా ఉంటేనే బాగుండేదన్నాడు. తండ్రి లేని నన్ను పెంచి మనిషిని చేసినవాడు ఆయన. ఆయన చెయ్యి పట్టుకుని ఊరిదాకా నడిపించుకొచ్చాను.

చావుకు ఆ తల్లి వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆడవాళ్లంతా కొంగు తల మీదికి లాక్కున్నారు. మా అమ్మ ఆమెకు కూడా కొంగు కప్పబోయింది. ఆమె అమ్మ చేతిని మెల్లగా పక్కకు తీసి, నెరిసిన తలతో ఆ ఎండలో అలాగే నిలబడింది.